జానకి ఆదివారం

అరచేతుల నిండా ఆముదం పట్టించుకుని, నీళ్ళపొయ్యి బూడిదలో వేళ్ళు ముంచాక గుర్తొచ్చింది జానకికి, ఇవాళ ఆదివారమని. జీడి అంటి చేతులు పుండ్లు పడకుండా ఇరవై రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే చేసే పని. జీడిపప్పు ఫ్యాక్టరీకి సెలవని చేతులకేం తెలుసు?

“సెలవంట, సెలవు,” అని గొణిగి, గోనెపట్టాకి ఆ చేతుల్ని కసిగా రుద్దింది.

మునుపు ఆదివారాలూ పనుండేది. కొత్త యజమాని వచ్చి శనివారం మధ్యాహ్నమే గేటు మూయించడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళంతా సంబరపడ్డారు. తిట్టింది జానకి ఒక్కతే. మొగుడు కిడ్నీ జబ్బుతో పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. శనివారం గేటు దాటితే సోమవారం పొద్దున దాకా ఆమెను పేరు పెట్టి పిలిచే నోరు పలాసలో లేదు.

మిగతా రోజుల్లో ఆ నోరు కుమారిది. జీడిపిక్కలు కోసే మిషను దగ్గర ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. జానకి పిక్క కోస్తే, కుమారి సూదితో పప్పు తీస్తుంది. ఒకరు రాకపోతే రెండోవారికీ పని సాగదు. పదకొండేళ్ళ జోడీ. పప్పు విరిగిన ప్రతిసారీ తిట్టేది జానకి, నవ్వేది కుమారి.

నిన్న గేటు దగ్గర ఆ కుమారే చెయ్యి పట్టుకుంది. “రేపు మా ఊరు రా జానకొదినా. నెత్తళ్ళ పులుసు ఎడతాను. ఒక్కదానివీ ఇంటికాడ ఏటి సేత్తావు?”

ఒక్కదానివీ అన్నమాట ముల్లులా దిగింది. “నీ పులుసుకి నోరు తెరుసుకోని కూకోనేదు,” అని చెయ్యి విదిలించుకుని వచ్చేసింది.

ఇవాళేమో ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. పక్కింటి టీవీలో ఎవరో నవ్వితే చెంబు తీసుకుని గోడకేసి బాదింది. అన్నం వార్చింది గానీ వడ్డించుకోలేదు. రెండున్నరకి స్టేషన్లో మద్రాసు బండి కూత పెట్టింది. నెత్తిమీద రేకులు అదిరాయి.

“ఎల్లు. అందరూ ఎల్లిపోయినారు, నువ్వూ ఎల్లు,” అని బండిని తిట్టింది.

అది పోయాక ఇంట్లో ఇక ఏ చప్పుడూ లేదు. తిట్టడానికి కూడా ఏమీ మిగల్లేదు. కుమారి ఇంటికే పోయి నాలుగు మాటలూ అనేసి రావాలనిపించింది. ఉతికిన చీర కట్టుకుని ఆటో ఎక్కింది.

ఉద్దానం జీడితోటల మధ్య దారి పొడవునా మాటలు పేర్చుకుంది. నామీద జాలిపడ్డానికి నువ్వెవలివే అని మొదలుపెట్టాలి. పులుసులో ఉప్పెక్కువైందని ముగించాలి. అలా అనాలంటే ముందు తినాలి కదా అని తోచి, తనమీద తనకే ఒళ్ళు మండింది.

కుమారి తలుపుకి తాళం వేసి ఉంది. పక్కింటి ముసలమ్మ వరహాలమ్మ వల బాగుచేసుకుంటూ తలెత్తింది. “జానకివి నువ్వేనా?”

ఆదివారంనాడు తన పేరు ఇంకొకరి నోట విని జానకి ఉలిక్కిపడింది.

ముసలమ్మ నెమ్మదిగా చెప్పింది. కుమారి మొగుడికి మద్రాసులో చేపల బోట్ల మీద పని దొరికింది. కాపురమే అక్కడికి ఎత్తేశారు. రెండున్నర బండికి వెళ్ళిపోయారు.

“నిన్న నాకెందుకు సెప్పనేదు?” జానకి గొంతు పెరిగింది.

“పనికాడ సెప్తే తిట్టేసి లెగిసిపోతావంట. అన్నం తిన్నాక సెప్తానంది. పన్నెండు దాకా ఈదిలోనే నిలబడ్డాది తల్లీ.”

జానకి తాళాన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. అది ఊడలేదు. దారంతా పేర్చుకున్న మాటలు నోట్లోనే ఉన్నాయి. రేపు మిషను ముందు కూర్చుంటే ఎదుటి పీట మీద ఎవరుంటారు?

“నీకే ఉంచినాది,” అంటూ వరహాలమ్మ అరుగు చూపించింది.

అరుగు మీద ఒక గిన్నె. దాని మీద బోర్లించిన పళ్ళెం. పళ్ళెం మీద, పిల్లి తోసెయ్యకుండా, గుండ్రటి రాయి ఒకటి.