హిస్కె వంటింట్లో నిలిచిన మెషీన్

ఫ్రీస్‌లాండ్ రాష్ట్రం మొత్తంలో వాషింగ్ మెషీన్లు అమ్మేవాళ్లలో వీట్సె విర్డాను మించినవాడు లేడు. అతని భార్య హిస్కెకు మాత్రం ముప్పైనాలుగేళ్ల కాపురంలో సొంత మెషీన్ లేదు.

అసలు లేదని కాదు. వారానికొకటి వచ్చేది, వెళ్లేది.

వీట్సె మొదటి దుకాణం డొక్కుమ్ అనే ఊళ్లో, వాళ్ల నాన్న సైకిళ్లు బాగుచేసుకునే రేకుల షెడ్డులో తెరిచాడు. తొలిరోజే ఒకావిడ వచ్చి, "ఇది బాగా ఉతుకుతుందా?" అని అడిగింది. వీట్సె అబద్ధమాడడం చేతకాని మనిషి. "తెలీదండీ, మా ఆవిణ్ణి అడిగి చెప్తాను" అని మెషీన్‌ను ఇంటికి మోసుకెళ్లాడు. హిస్కె వారం రోజులు ఉతికి, "పరవాలేదు" అంది. ఆ ఊళ్లో పరవాలేదన్నారంటే హారతి పట్టినట్టే. వీట్సె ఓ అట్టముక్క మీద 'హిస్కె ఇంట్లో ఉతికి చూసినది' అని రాసి మెషీన్‌కు తగిలించాడు.

ఆ అట్టముక్కే వ్యాపారాన్ని నలభై ఒక్క దుకాణాల దాకా లాక్కెళ్లింది. కొత్త రకం ఏదొచ్చినా సోమవారం పొద్దున హిస్కె వంటింట్లో దిగేది, శుక్రవారం సాయంత్రం వ్యాను వచ్చి తీసుకుపోయేది. తలుపు పడనివి, నీళ్లు కక్కేవి, బట్టలు పిండుతూ పిండుతూ వంటింట్లోంచి హాల్లోకి నడిచొచ్చేవి, అన్నిటితోనూ ఆవిడ సర్దుకుపోయింది. ఒకదాని మీటలు చేతికి అలవాటయ్యేసరికి అది అత్తారింటికి వెళ్లిపోయేది.

ముప్పైనాలుగో ఏట ఒక బూడిదరంగు మెషీన్ వచ్చింది. చప్పుడు లేదు, నడక లేదు. శుక్రవారంనాడు హిస్కె, "బాగుంది" అంది. వీట్సె కంగారుపడి ఆవిడ నుదుటి మీద చెయ్యిపెట్టి చూశాడు.

"ఇది ఇక్కడే ఉంటుంది" అంది హిస్కె.

"అలాగే."

సరిగ్గా ఆ వారమే దుకాణాలన్నిటినీ రోటర్‌డామ్ కంపెనీ ఒకటి కొనేసింది. అమ్మకపోతే ప్రతి దుకాణం పక్కనా తామొకటి తెరుస్తామని వాళ్లు ఎంతో మర్యాదగా చెప్పడంతో వీట్సె అమ్మేశాడు. సరుకు జాబితా స్వయంగా రాసిచ్చాడు. గోదాముల్లోవీ దుకాణాల్లోవీ అన్నీ రాశాక మనసు ఊరుకోక, చివర ఇంకో వరుస చేర్చాడు: 'మా వంటింట్లో ఒకటి.'

"నిన్నెవరు రాయమన్నారు?" అంది హిస్కె.

"ఉంది కదా మరి!"

"నేనూ వంటింట్లోనే ఉన్నాను. నన్నూ రాసేయాల్సింది."

"అలాంటిదే ఇంకోటి కొందాంలే."

"ఎక్కడ?"

"మన... వాళ్ల దుకాణంలో."

"పూర్తి ధర పెట్టా?"

మెషీన్‌ను పూర్తి ధరకు కొన్న మనిషి విర్డా వంశంలో ఇంతవరకూ పుట్టలేదు.

సోమవారం పొద్దున్నే కొత్త కంపెనీ మేనేజరు కాస్పర్ దిగాడు. తళతళలాడే బూట్లు, వెనక వ్యాను, అందులో ఇద్దరు బలమైన మనుషులు. వచ్చిన పనులు రెండు. మెషీన్ తీసుకుపోవాలి. ఇకమీదట దుకాణంలో ప్రతి మెషీన్‌కూ హిస్కె పేరున్న అట్ట తగిలించుకోవడానికి ఆవిడ సంతకం కావాలి.

"కూర్చోండి. బట్టలు తిరుగుతున్నాయి" అంది హిస్కె.

సోమవారం ఉతుకుడు రోజు. ఆ రోజు తిరిగే మెషీన్‌ను ఆపమనడానికి పాస్టరుగారికి కూడా గుండె చాలదు.

"ఎంతసేపు పడుతుందండీ?"

"తొంభై డిగ్రీల మీద పెట్టాను. రెండు గంటలు."

ఆవిడ కాఫీ పోసింది. డబ్బా తెరిచి వీట్సెతో సహా తలా ఒక బిస్కెట్ ఇచ్చి, టప్పున మూత పెట్టేసింది. ఆ దేశంలో కాఫీకి బిస్కెట్ ఒక్కటే. కాస్పర్ దాన్ని చిన్నచిన్నగా కొరుక్కుంటూ రెండు గంటలు లాగాడు.

మెషీన్ ఆగింది. వ్యాను మనుషులు లేచారు. సరిగ్గా అప్పుడే పెరటి తలుపు తోసుకుని పక్కింటి రిక్స్త్ రెండు బుట్టలతో వచ్చింది.

"హిస్కె, నువ్వు తెమ్మన్నావని కర్టెన్లు తెచ్చానే. మా అత్త దుప్పట్లు కూడా!"

"అయ్యో, చూశావా, మరిచేపోయాను" అంటూ హిస్కె వాటిని మెషీన్‌లో కుక్కి, మళ్లీ తొంభై మీద పెట్టింది. వ్యాను మనుషులు చేపలు తినొస్తామని బజారుకు వెళ్లిపోయారు.

"పోనీ మేడమ్, సంతకమైనా పెట్టండి" అన్నాడు కాస్పర్.

"ఏమని?"

"అన్నిటినీ మీ ఇంట్లో ఉతికి చూశారని."

"ఉతక్కుండానే?"

"అది... ఉత్త లాంఛనం."

"విన్నావా వీట్సె? చూడని పెళ్లికి సాక్షి సంతకం పెట్టమంటున్నారు."

వీట్సె పైకప్పు వైపు చూస్తూ, "సోమవారాలు మా ఆవిడ అబద్ధమాడదండీ" అన్నాడు.

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు నేను ఇంట్లో ఉండను, తెలీదు."

కాస్పర్ నుదురు తుడుచుకున్నాడు. "ఆ అట్ట లేకపోతే మేం కొన్నది నలభై ఒక్క ఖాళీ డబ్బాలు మేడమ్."

"ఉతికి చూసినవాటికి నా పేరు ఎలాగూ ఉంది. ఉతకనిదాని మీద మాత్రం పడదు" అంది హిస్కె. "ఈ బూడిదరంగు రకానికైతే కొత్త అట్ట రాసిస్తాను. 'హిస్కె తన ఇంట్లో ఉంచేసుకున్నది' అని. ముప్పైనాలుగేళ్లలో దేనికీ రాయని మాట. కాకపోతే రాసింది నిజం కావాలి కదా."

కాస్పర్ వ్యాపారం తెలిసినవాడు. ఆ మాట తగిలించిన మెషీన్లు ఎన్ని వేలు అమ్ముడుపోతాయో అతనికి కాఫీ చల్లారేలోపే అర్థమైంది. జేబులోంచి జాబితా తీసి, చివరి వరుసను అడ్డంగా కొట్టేశాడు.

హిస్కె చేతులు తుడుచుకుని, అట్ట రాసి, కింద సంతకం పెట్టింది. తర్వాత బిస్కెట్ డబ్బా దగ్గరికి లాక్కుని, రెండోసారి మూత తీసింది.

వీట్సె కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తన పెళ్లి చూపులనాడు కూడా ఆ మూత రెండోసారి లేవలేదు. కాస్పర్ బిస్కెట్ తీసుకున్నాడు. వీట్సె కూడా ఆశగా చెయ్యి చాపాడు.

టప్పున మూత పడింది.

"నువ్వు జాబితాలో రాశావు" అంది హిస్కె.