ఏనుగు కాదు, ఆరోగ్యం

పెళ్లిలో ఆడపెళ్లివారు మగపెళ్లివారిని తిడుతూ పాడే పాటలన్నీ కూర్చి, వయసులో ఉన్నప్పుడు సుమిత్రమ్మ ఓ పుస్తకం వేసింది. పేరు ‘వియ్యాలవారి వాయింపు’. ఇప్పుడు మనవరాలు జ్యోతిక పెళ్లికి దాన్ని మళ్లీ అచ్చు వేయిస్తానని కోడలు వాణి అంటే ముసలావిడ పొంగిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ ప్రెస్ నుంచి కట్టలు వచ్చాక తెరిచి చూస్తే ఆ పొంగు చప్పున చల్లారింది.

‘ఏనుగోలె ఒచ్చె వియ్యపురాలు, దర్వాజ సాలక అడ్డం తిరిగె’ అన్న పాట, ‘ఆరోగ్యంగ ఒచ్చె వియ్యపురాలు, దర్వాజ దాటి లోపలికొచ్చె’ అయి కూర్చుంది.

“దర్వాజ దాటక కిటికీలకెళ్లి ఒస్తదా?” అంది సుమిత్రమ్మ.

“ఒళ్లు చూసి ఎక్కిరిచ్చుడు తప్పు అత్తమ్మా. కాలేజీల పిల్లలకు నేనే చెప్త. ఆ పైన పిలగాని తల్లి పద్మలత వదిన పెద్ద ఆఫీసరు. ఆమెకు కోపమొస్తే రేపు మన జ్యోతికనే పడాలె.”

వాణి మాటలో తప్పు లేదు. అదే చిరాకు. మనవరాలి కాపురం అడ్డం పెట్టాక ముసలావిడకు నోరెక్కడిది? కొత్త పాటలే పాడతానని ఒప్పుకుని, పెళ్లి దాకా మూతి ముడుచుకుని తిరిగింది.

ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో బంతి భోజనాల దగ్గర గొంతెత్తింది. ‘ఆరోగ్యంగ ఒచ్చె వియ్యపురాలు...’ మగపెళ్లివారు మర్యాదగా చప్పట్లు కొట్టారు. పద్మలత మాత్రం చేతిలో బూరె విస్తట్లో పడేసింది. ఆవిడ పాత పాటకు కొలతలిచ్చి పుట్టినట్టుండే మనిషి.

“ఏంది పెద్దమ్మా గిది? దవాఖానల చీటి సదివినట్టుంది! మా అక్క కొడుకు పెండ్లిల ఆగకుంట తిట్టిన్రు. ఎదురు తిట్లు నేర్చుకోని ఒచ్చిన నేను. మమ్ముల పరాయోళ్లనుకుంటున్రా?” అంటుంటే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాణి తల వంచుకుంది. సుమిత్రమ్మ ఇంక ఆగుతుందా! కొంగు నడుముకు దోపి పాత పాట అందుకుంది. ఏనుగు దర్వాజలో ఇరుక్కుంది, బూరెల గంప ఖాళీ అయింది, హాలంతా గొల్లుమంది. ఆ తర్వాతి చరణం దగ్గర గొంతు ఆగిపోయింది. ఎంత గింజుకున్నా నోటికి వాణి రాసిన మర్యాదే వస్తోంది. తన పాట తన నోట్లోంచే పోయిందా!

“సంకల దాసిన లడ్డూలన్ని...” వెనక నుంచి ఖంగుమంది ఓ గొంతు. వాణి! “వంగి దండం వెడితె జారిపడె!”

మరి ఒక్కో తిట్టునూ ఏరి ఏరి కొట్టేసిన మనిషికి కాక ఇంకెవరికి గుర్తుంటాయి?

“గిప్పుడైనవ్ వియ్యపురాలివి, వదినా!” పద్మలత మూతి తుడుచుకుని లేచింది. “సదువుల వియ్యపురాలు సారు వెట్టె, తప్పులు దిద్దుకుంట మాడగొట్టె!”

అది ఏ పుస్తకంలోనూ లేదు. అప్పటికప్పుడు కట్టిన తిట్టు. సుమిత్రమ్మకు కడుపు నిండిపోయింది. పాట బతికింది. కోడలి పరువు మాత్రం, పాపం, ఆ పూటకు చారుతో పాటే మాడిపోయింది.