మూతి కుట్టిన జేబులు

పదిహేడో జేబు నాలుగో మలుపు తిరుగుతుండగా దారం తెగింది. ఇంకొకరయితే ఈపాటికి దారం అమ్మినవాడి దగ్గర్నుంచి మిషను తయారుచేసినవాడి దాకా అందర్నీ వరసపెట్టి తిట్టేవాళ్ళు. జేబులక్క దారం కొసని నాలుక చివర తడిపి, సూది బెజ్జంలోకి ఎక్కించి, ఆగినచోటి నుంచి మళ్ళీ కుట్టుకుపోయింది.

ఎర్రగుడ్డ మీద ఆకుపచ్చ జేబు, జేబు పైఅంచుకి తెల్లటి బొచ్చుపట్టీ. వెనకగుడ్డ కలిపి దూది కూరితే పిల్లల దిండవుతుంది. చిన్నపిల్లల బడి ఒకటి క్రిస్మస్ కోసం నలభై అడిగింది. ఎదురుగా గోడకి నమూనా దిండు వేలాడుతోంది. ఆవిడ పొద్దున్నే దాని పొడవూ వెడల్పూ టేపుతో కొలుచుకుంది. జేబులో చెయ్యి మాత్రం పెట్టి చూడలేదు.

ఆవిడ అసలు పేరు ఆ షాపులో ఎవరికీ గుర్తులేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అక్కడ కోట్లకి జేబులు కుట్టడమే ఆవిడ పని. భుజాలకొకరు, కాలరుకొకరు, బొత్తాలకొకరు, జేబులకి ఈవిడ. పొట్టి మనిషి. ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. కుడి చూపుడువేలి గోరు మధ్యలో, ఎప్పుడో సూది దిగినచోట, తెల్లటి గీత. కళ్ళద్దాల కాడ విరిగితే నల్లదారం చుట్టి అదే వాడుతోంది. అడిగితే, "కనిపిస్తోందిగా" అంటుంది. అంతకన్నా ఎక్కువ మాట్లాడించడం ఎవరి తరమూ కాదు.

ఒకప్పుడు పదకొండు మిషన్లు ఒక్కసారిగా మోగితే వీధిలో పోయేవాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. ఇప్పుడు మూడే నడుస్తున్నాయి, మిగతావాటికి ముసుగులు కప్పారు. కుట్టించుకునే ఓపిక ఇప్పుడెవరికుంది! షాపు పెట్టిన ముసలాయన పోయాక ఆయన కూతురే చూసుకుంటోంది. బల్ల కింద గుడ్డముక్కలతో ఆడుకుంటూ పెరిగిన పిల్ల. జేబులక్కని అత్తా అంటుంది.

"అత్తా, ఈ పని సవ్యంగా అయితే ఏడాది పొడుగునా పనిస్తామంటున్నారు బడివాళ్ళు" అంది ఆ అమ్మాయి పొద్దున, తలుపు తీస్తూనే. "అప్పుడిక నీ కుర్చీకి ఢోకా లేదు. తేడా వస్తే మాత్రం నావల్ల కాదు, మిషన్లు అమ్మేయడమే."

"ఊఁ."

"పిల్లలు ఉత్తరం రాసి ఈ జేబులో పెట్టుకుంటారట. తెల్లారేసరికి క్రిస్మస్ తాత ఉత్తరం తీసుకుని, ఏదో బొమ్మ పెట్టి పోతాడట. బావుంది కదూ?"

"ఊఁ" అంది జేబులక్క మళ్ళీ. కుర్చీ మాట మాత్రం చెవిన పడింది. మిగతాది పడలేదు.

ఆ కుర్చీ పోతే ఆవిడ వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. ఇల్లుంది. అదే వచ్చిన చిక్కు. ఒక గది, ఒక వంటిల్లు, ఎంత బిగించినా కారే కుళాయి. పద్నాలుగు నెలల కిందట ఆవిడ భర్త అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, "నీళ్ళు ఇవాళ బాగా కాగాయే" అని, అలాగే గోడకి చేరబడి కూర్చుండిపోయాడు. మళ్ళీ లేవలేదు. వారం తిరక్కుండా ఈవిడ పనిలోకి వచ్చేసింది. గుండె రాయి చేసుకుందన్నారు కొందరు. రాయీ లేదు, రప్పా లేదు. ఏడుపు రాలేదు, అంతే. వస్తే ఏడ్చేదే.

మధ్యాహ్నం డబ్బాలు తెరిచినప్పుడు ఇస్త్రీ బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎవరికి బావో ఎవరికీ తెలీదు. షాపులో అందరికీ, ఆఖరికి ఆ అమ్మాయికి కూడా, ఆయన బావే.

"జేబులక్కా, నీ చేతి కుట్టు చూస్తే ఆ క్రిస్మస్ తాత తన మూట పారేసి, ఒంటినిండా నీ జేబులే కుట్టించుకుంటాడు చూడు."

"చల్లారిపోతుంది, తిను."

"నవ్వితే నీ సొమ్మేం పోతుందే తల్లీ!"

ఆవిడ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వెళ్ళి ఇరవై తొమ్మిదో జేబు అందుకుంది. మూడున్నరకల్లా నలభయ్యీ అయిపోయాయి. అయినవి అయినట్టే బావ ఇస్త్రీ చేశాడు, ఆ అమ్మాయి దూది కూరి వెనక కుట్టేసింది. ఎర్రటి దిండ్లన్నీ బల్లమీద పేర్చాక షాపుకే కళ వచ్చింది.

నాలుగింటికి బడి పంతులమ్మ వచ్చింది, వెంట ఐదేళ్ళ కూతురు. ఆ పిల్ల ఒక దిండు లాక్కుని బుగ్గకి ఆనించుకుంది. తర్వాత బొచ్చుపట్టీలో వేళ్ళు పెట్టి వెతికింది. ఇంకో దిండు తీసింది. మళ్ళీ వెతికింది.

"అమ్మా, ఇది ఉత్తుత్తి జేబు!"

అందరూ నవ్వారు. షాపు అమ్మాయి కూడా నవ్వుతూనే దిండు అందుకుని బొచ్చు విడదీసి చూసింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. రెండోది చూసింది, మూడోది చూసింది. ప్రతి జేబుకీ మూతి కుట్టేసి ఉంది, అదీ మిషను మీద రెండు వరసలు. బావ ఇస్త్రీపెట్టె స్విచ్చి కట్టేశాడు.

కోటు తయారయ్యాక జేబు మూతికి కచ్చా కుట్టు వేస్తారు. కోటు చేతికి అందేదాకా జేబు సాగకుండా, మూతి జారకుండా. కుట్టించుకున్నవాడు ఇంటికెళ్ళి ఆ దారం లాగేసుకుంటాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మూతి కుట్టని జేబు ఒక్కటీ ఆవిడ చేతుల్లోంచి వెళ్ళలేదు. దూది కూరాక కుట్టడం కుదరదని ముందే కుట్టేసింది. పిల్లల వస్తువు కదా, కచ్చా కుట్టు తెగిపోతుందని గట్టిగా కుట్టింది.

"అత్తా... ఇవి కోట్లు కాదు, దిండ్లు" అంది ఆ అమ్మాయి. కోపంగా కూడా అనలేదు.

"మూతి వేస్తాం కదమ్మా" అంది జేబులక్క. అని, తన మాట తనకే వినపడినట్టు చేతిలో కత్తెర బల్లమీద పెట్టేసింది.

షాపువాళ్ళు ముగ్గురూ బ్లేడ్లు పట్టుకుని కూర్చున్నారు. ఆ పిల్ల వచ్చి జేబులక్క మోకాలి దగ్గర నిలబడింది.

"ఇలా కుట్టేస్తే తాత చెయ్యి పడుతుందా?"

"పట్టదమ్మా."

"మరెందుకు కుట్టావ్?"

"కొత్తగా ఉండాలని."

ముప్పావుగంట పట్టింది. ఆరు దిండ్లకి బ్లేడు గీసుకుని గుడ్డ చిరిగింది. అందులో నాలుగు జేబులక్క చేతిలోనే. పంతులమ్మ మంచిదే. "ఫరవాలేదు లెండి, కంగారులో అవుతుంటాయి" అంది. ఏడాది పని సంగతి ఎత్తితే, "పండగ వెళ్ళనివ్వండి, చూద్దాం" అంది. చూద్దాం అంటే ఏమిటో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. బహుశా ఆ పిల్లకి తెలిసుండదు.

వాళ్ళు వెళ్ళాక ఆ అమ్మాయి కాసేపు గుడ్డముక్కలు ఏరింది. ఏరాల్సినవేవీ లేకపోయినా ఏరింది. "అత్తా, రేపట్నుంచి కాస్త విశ్రాంతి తీసుకో. పనుంటే నేనే కబురు చేస్తాగా" అంది, తలెత్తకుండా.

జేబులక్క మిషనుకి ముసుగు కప్పింది. కుర్చీని బల్ల కిందికి నెట్టింది.

"వెళ్తున్నా" అంది.

"అదేం మాటక్కా! వెళ్ళొస్తా అను" అన్నాడు బావ.

"ఊఁ" అంది కానీ ఆ మాట అనలేదు.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. ఇంత వెలుతురులో ఇల్లు చూసి చాలా కాలమైంది. తలుపు వెనక మేకుకి ఆయన కోటు. ఆయన ఉద్యోగం ముగిసిన రోజుకోసమని షాపులో మిగిలిన గుడ్డతో ఈవిడే కుట్టింది. తపాలా ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఉత్తరాల మీద ముద్రలు కొట్టిన మనిషి, సన్మానం రోజున చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నానా తంటాలు పడ్డాడు. "జేబు దారం లాగెయ్యండి, చేతులు పడతాయి" అంది ఈవిడ. "విప్పితే పాతదైపోదూ? నువ్వు కుట్టింది కుట్టినట్టే ఉండనీ" అన్నాడు. మళ్ళీ ఎప్పుడైనా మంచి సందర్భానికి వేసుకుంటానన్నాడు.

జేబులక్క నిలబడే కుడి జేబు దారం కొస పట్టుకుని లాగింది. కచ్చా కుట్టు, ఒక్క లాగుకి వచ్చేసింది. చెయ్యి లోపల పెట్టింది. బస్సు టిక్కెట్టు లేదు, వక్కపలుకు లేదు, చేతిరుమాలు లేదు. నున్నటి అస్తరు, చల్లగా. ఆయన చెయ్యి ఒక్కసారైనా పడని జేబు.

అప్పుడొచ్చింది ఏడుపు. పెద్దగా కాదు, పక్కింటికి వినిపించేంత కూడా కాదు. కొంతసేపు ఏడ్చి, ముఖం కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

తలుపు వెనక మేకుకి కోటు వేలాడుతోంది, కుడి జేబు మూతి తెరుచుకుని, ఎడమది ఇంకా కుట్టే ఉంది.