ఎవరూ పరిగెత్తొద్దు

సుద్దముక్క అరిగిపోయి గోరు బోర్డును గీకేదాకా అనౌన్సరమ్మ బస్సుల వేళలు రాస్తూనే ఉంది. నెల రోజులుగా ఆమె పని అదే. గడియారం తప్పు చెప్పినా ఆమె గొంతు చెప్పదని బస్టాండులో అందరికీ నమ్మకం. అలాంటి మనిషికి ఇప్పుడు మంచినీళ్లడగాలన్నా గుసగుసే దిక్కు. గొంతు డాక్టరు గొట్టం వేసి చూసి, లోపల అంతా శుభ్రంగా ఉందన్నాడు. దాంతో బస్టాండు కంట్రోలరు, "నాటకాలాపి మైకు పట్టుకుంటావా, వేరేవాళ్లని చూసుకోమంటావా?" అని నిలదీశాడు. ఉద్యోగం పోతుందన్న దిగులు కన్నా నాటకమన్న మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

మధ్యాహ్నం ఆసుపత్రిలో మానసిక వైద్యురాలు కాగితాలన్నీ చదివి పక్కన పెట్టింది.

"ఒక్కసారి గట్టిగా దగ్గండమ్మా."

దగ్గింది. ఖంగుమని మోగింది.

"చూశారా, గొంతు పాడవలేదు. మీరు నటించడమూ లేదు. మాట్లాడబోతేనే పట్టేస్తోంది. మనసుకు దెబ్బ తగిలితే ఒక్కోసారి ఇలా అవుతుంది, నయమూ అవుతుంది. ఆఖరుసారి మైకులో ఏం చెప్పారు?"

అనౌన్సరమ్మ చేతిసంచి పట్టీ నలుపుతూ గుసగుసగానే చెప్పుకొచ్చింది. ఆ రోజు ఊరెళ్లాల్సిన తన అక్క టీ కొట్టు దగ్గర కబుర్లలో పడింది. సరదాకి తను మైకులోనే, "ఓ అక్కా, కబుర్లు చాలు, బస్సు కదులుతోంది, పరిగెత్తు!" అని కేకేసింది. బస్టాండంతా నవ్వింది. అక్కా నవ్వుతూనే పరిగెత్తింది, కాలి చెప్పు జారిపోయినా ఆగకుండా ఎక్కేసింది. గంట తిరక్కుండా ఆ బస్సు బోల్తా పడింది. అందరికీ దెబ్బలు తగిలాయి. అక్క మాత్రం పోయింది.

"నేను పిలవకపోతే తర్వాతి బస్సుకెళ్లేదండీ."

వైద్యురాలు నీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపింది. "దగ్గు చివర్లో 'ఊఁ' అనండి," అంది. రెండోసారికి సన్నగా పలికింది. తన గొంతు తన చెవిన పడగానే అనౌన్సరమ్మ బావురుమంది. అక్క పోయాక ఆమె పైకి వినబడేలా ఏడవడం అదే మొదలు.

సాయంత్రం, ఆ రోజు అక్క ఎక్కిన బస్సు వేళకు తన గదిలోకి వెళ్లి మైకు బొత్తాం నొక్కింది. కంట్రోలరు గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె దగ్గింది, ఊఁ అంది, మళ్లీ దగ్గింది.

"ప్రయాణికులకు..." జీరగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది. "బస్సు... సిద్ధంగా ఉంది. నిదానంగా ఎక్కండి. ఎవరూ పరిగెత్తొద్దు."

కంట్రోలరు తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. బస్సు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. బల్ల కింద, ఆమె కాళ్ల పక్కన, మడమ దగ్గర అరిగిపోయిన అక్క ఎడమ చెప్పు ఒక్కటే ఉంది.