బావ దుకాణానికి నేను చేసిన పేజీ

తప్పు నాది. ముందే చెప్పేస్తే కాస్త ఊపిరాడుతుందని చెబుతున్నాను.

మా బావ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. చేసేవాడు అనాలేమో ఇప్పుడు. మెయిన్ రోడ్డు మీద, బస్సులు ఆగే చోట, పందొమ్మిదేళ్ళు దుకాణం నడిపాడు. ఆ బిల్డింగు పడగొడతామని అందర్నీ ఖాళీ చేయించారు. తర్వాత దొరికిన గది ఒక సందు చివర, ప్రింటింగ్ ప్రెస్ వెనకాల ఉంది. అక్కడొక దుకాణం ఉన్నట్టు పక్కవాళ్ళకే తెలియదు.

"ఆర్నెల్లు చూద్దాం. జనం రాకపోతే బట్టల ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేరిపోదువుగాని" అంది అక్క. ఫ్యాక్టరీ పేరెత్తితే చాలు, బావ మొహం మాడిపోయేది. గంట కొడితే లేవడం, గంట కొడితే కూర్చోవడం తన వల్ల కాదనేవాడు.

చిన్న చిన్న దుకాణాలకి వెబ్ పేజీలు చెయ్యడం నా వృత్తి. వెతికినవాళ్ళకి ఆ దుకాణం కనబడేలా చూడటం అందులో సగం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ మా బావ నన్నే నమ్ముకున్నాడు. పొడుగు నోట్‌బుక్ ఒకటి కొనుక్కొచ్చి, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"పేజీ మీద ముందు ఏం రాద్దాం?" అన్నాను.

"కుట్టు యంత్రాలకు సంబంధించిన సమస్త సేవలు" అన్నాడు గొంతు సవరించుకుని.

"బావా, ఇదేమన్నా సన్మాన పత్రమా? దారం తెగి తెగి తల పట్టుకుని కూర్చున్న మనిషి సమస్త సేవల కోసం వెతకదు. 'మిషన్లో దారం ఊరికే తెగిపోతోంది' అని వెతుకుతుంది. ఆ మాట మన పేజీలో ఉంటే మన దగ్గరికొస్తుంది."

"అంటే, వచ్చినవాళ్ళు నాతో మొత్తుకునే మాటలే రాయాలన్నమాట! ముందే చెప్పొచ్చుగా."

నాలుగు రోజుల్లో నోట్‌బుక్ నింపేశాడు. సూది విరుగుతోంది. బట్ట ముందుకు కదలట్లేదు. కింది కుట్టు వదులుగా పడుతోంది. ఒక్కోదాని కింద ఎందుకలా అవుతుందో, ఇంట్లోనే ఎలా సరిచేసుకోవచ్చో ఓపిగ్గా రాశాడు. "అన్నీ చెప్పేస్తే ఇంక నీ దగ్గరికెవరొస్తారు?" అన్నాను ఏడిపిద్దామని. "చెప్పినవాడి దగ్గరికే వస్తారు" అన్నాడు. ఆ సంగతి నాకు అప్పుడు అర్థం కాలేదు. ఫోటో కోసం ఇస్త్రీ చొక్కా వేసుకొస్తే, నూనె మరకల చొక్కాలోనే దిగమన్నాను. కాసేపు అలిగి, దిగాడు.

నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. ఫోన్ మోగలేదు. మోగినా పాతవాళ్ళే. ఏమైందని నేనడిగినప్పుడల్లా బావ తన ఫోన్ తీసి చూపించేవాడు. పొద్దున షట్టర్ ఎత్తగానే చేసే మొదటి పని అదేనట. దుకాణం పేరులో రెండక్షరాలు కొట్టేసరికి పేజీ తెరుచుకునేది.

"చూశావా, ఠక్కున వచ్చేస్తోంది. నీ పనికి వంక పెట్టక్కర్లేదు. జనానికే కుట్టుకునే ఓపిక పోయింది."

నేనూ చూశాను. రోజూ తెరిచే పేజీని ఫోన్ గుర్తుపెట్టుకుని తనంతట తనే తెరుస్తుంది. అది వెతకడం కాదు. పైగా కొత్తగా వచ్చేవాళ్ళకి దుకాణం పేరే తెలియదు, పేరుతో ఎలా వెతుకుతారు? ఊరందరికీ ఈ పాఠం చెప్పే నేను, బావ చూపించింది చూసి తలూపి వచ్చేశాను. నా ఫోన్లో ఒక్కసారి వెతికి ఉంటే సరిపోయేది. బయటివాళ్ళ పనైతే వారం వారం వెతికి చూస్తాను. ఇంటివాళ్ళేగా, ఎక్కడికి పోతారన్న ధీమా!

ఆర్నెల్లూ నిండాయి. బావ పనిముట్లన్నీ కిరోసిన్‌తో తుడిచి, గుడ్డల్లో చుట్టి, తన దగ్గర పని నేర్చుకుని వేరే ఊళ్ళో దుకాణం పెట్టుకున్నతనికి ఇచ్చేశాడు. సోమవారం ఫ్యాక్టరీలో చేరాడు.

తర్వాతి వారం అక్క అంది, "ఆ పేజీ తీసెయ్యవే, ఇంక చూడలేను." సరేనని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తీసేసే బటన్ కోసం చూస్తుంటే, దాని పక్కనే ఒక గడిలో టిక్కు కనిపించింది. పేజీ తయారవుతున్నన్నాళ్ళు ఆ టిక్కు పెట్టి ఉంచుతాం, సగం సగం పేజీ వెతికేవాళ్ళ కంట పడకుండా. పని పూర్తయ్యాక తీసెయ్యాలి. అందరికీ తీస్తాను. బావకి తియ్యలేదు.

ఆర్నెల్లపాటు ఆ పేజీని మా ఇంటివాళ్ళు తప్ప పురుగు కూడా చూడలేదు. లేచి వెళ్ళి వంటింట్లో అక్కకి చెప్పేశాను. అక్క స్టవ్ ఆర్పి, గట్టుకి ఆనుకుని నిలబడింది.

"బావకి చెబుతాను. కాళ్ళ మీద పడతాను" అన్నాను.

"పడితే? దుకాణం తిరిగొస్తుందా, పనిముట్లు తిరిగొస్తాయా? కాలం మారిపోయింది, నేనేం చెయ్యగలనని సర్దిచెప్పుకున్నాక ఇప్పుడిప్పుడే ఆయనకి ముద్ద దిగుతోంది. నీ మనసు తేలిక చేసుకోవడానికి అది కూడా లాక్కుంటావా?"

అక్క మీద పిచ్చి కోపం వచ్చింది. విసురుగా వంటింట్లోంచి వచ్చేశాను.

ఆ ఆదివారం బావ ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. మెయిన్ రోడ్డు మీద తాళాలు బాగుచేసే ఆయన. వాళ్ళ దుకాణాల వరస కూడా పడగొడుతున్నారట.

"మా మరదలు" అన్నాడు బావ, నాకు కుర్చీ లాగుతూ. "కళ్ళు మూసుకుని ఈవిడ చేతిలో పెట్టు. మా దుకాణానికి ఎంత శ్రద్ధగా చేసిందనుకున్నావ్! ఒక్క లోపం లేదు. నా టైమే బాలేదు, అంతే."

వంటింటి గుమ్మంలో అక్క తడిచేతులతో నిలబడి నావంకే చూస్తోంది. తాళాలాయన నాకు నమస్కారం పెట్టాడు. నోరు తెరిచాను.

"మీ దుకాణం ఎక్కడికి మారుస్తున్నారండీ?" అని ఆయన్ని అడిగాను.

బావ తృప్తిగా వెనక్కి వాలి కూర్చున్నాడు.