భీముడికన్నా ముందు నాకు సూది

నేను ఒక రబ్బరు మనిషిని. ఎత్తు మూరెడు. ఒంటిమీద నూలుపోగు లేదు, నెత్తిమీద వెంట్రుక లేదు, ఉన్నదల్లా ఒళ్లంతా చుక్కలే. ఆక్యుపంక్చర్ సూది ఎక్కడ గుచ్చాలో చూపడానికి నన్ను ఏదో ఫ్యాక్టరీలో అచ్చుపోసి, నవ్వుముఖం పెట్టి వదిలారు. గుచ్చించుకోవడమే ఉద్యోగమైనవాడికి నవ్వుముఖం ఎందుకో ఆ అచ్చు చేసినవాడికే తెలియాలి.

నా మొదటి యజమాని సూదులకు వైర్లు తగిలించి కరెంటు పెట్టే రకం. ఆయన రిటైరవుతూ నన్ను తెనాలిలో ఒక వైద్య దంపతులకు ఇచ్చేశాడు. రత్నమాల గారిది చైనా పద్ధతి. సూది లోతుగా దించి మెలితిప్పుతారు. రోగి "అబ్బా" అంటేనే పని మొదలైనట్టు. ఆమె భర్త విఠల్ గారిది జపాన్ పద్ధతి. వెంట్రుకంత సూదిని సన్నటి గొట్టంలో పెట్టి వేలితో తడతారు. రోగి "అబ్బా" అంటే పని చెడినట్టు. ఒకటే క్లినిక్, ఒకటే బొమ్మ. వాళ్ల వాదనలన్నీ నా ఒంటిమీదే జరిగేవి.

అలాంటి చోటికి ఒక బుధవారం భీముడు వచ్చాడు. అంటే, పద్యనాటకాల్లో భీముడి వేషానికి పేరుపడ్డ భూషణం. కుడి భుజం బిగుసుకుపోయింది. ఆదివారం నాటక పోటీ. గద తలపైకి లేవకపోతే ఆ వేషం, ఇప్పుడు దుశ్శాసనుడిగా వేస్తున్న సాంబిరెడ్డికి పోతుంది.

"వాడి చేతిలో నా గద చూసి నేను బతకను తల్లీ" అన్నాడు. తీరా సూది చూడగానే కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "ముందు ఆ బుడ్డోడికి గుచ్చండి. వాడికేం కాకపోతే అప్పుడు నాకు."

నాకు గుచ్చారు. నేను నవ్వుతూనే ఉన్నాను. ఆయనకు ఇంక దారి లేకపోయింది.

రత్నమాల గారు మోకాలి కింద సూది దించారు.

"నొప్పి భుజంలో అయితే కాల్లో గుచ్చుతారేందమ్మా?"

"ఇంట్లో లైటు పోతే వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ చూడరా? మీరు చెయ్యి ఎత్తుతూ ఉండండి."

చెయ్యి చెవిదాకా వచ్చింది. భూషణం అరుపు బస్టాండు దాకా వెళ్లింది.

మర్నాడు విఠల్ గారి వంతు. నాకు గుచ్చాక, భూషణం భుజమంతా నిమిరి, ఒకచోట టిక్కుమని తట్టారు.

"మొదలుపెట్టండి బాబూ."

"పెట్టేశాను."

"మరి నొప్పేది?" అని భూషణానికి వైద్యం మీదే అనుమానం వచ్చింది. ఆ అనుమానంలోనే గురకపెట్టాడు. లేచేసరికి చెయ్యి నెత్తి దాటింది.

చెయ్యి లేపింది నా సూదే అని ఆవిడ, నాదే అని ఆయన. ఇద్దరూ ఆ మాట నాతోనే చెప్పారు, ఆ గొడవతో ఒకరితో ఒకరికి మాటలు ఆగిపోయాయి కాబట్టి.

ఆదివారం భూషణం కబురు పంపాడు: "డాక్టర్లిద్దరూ రండి. బుడ్డోణ్ణి మర్చిపోవద్దు." తెర పక్కన మేకప్ పెట్టెమీద నన్ను నిలబెట్టారు. వేదికమీద భూషణం, కూలిన దుశ్శాసనుడి ముందు అట్టగద తలపైకెత్తి పద్యం అందుకున్నాడు. రాగం సాగింది. చప్పట్లు మోగాయి. జనంలోంచి "వన్స్ మోర్" వినిపించింది.

వన్స్ మోర్ అన్నారంటే పద్యం మళ్లీ మొదటినుంచి పాడాలి. తెనాలిలో కాదనే నటుడు ఇంకా పుట్టలేదు. గద దించి మళ్లీ ఎత్తుదామని భూషణం ప్రయత్నించాడు. చెయ్యి దిగలేదు. పైనే బిగుసుకుపోయింది.

కింద పడున్న సాంబిరెడ్డి ఒక కన్ను తెరిచి, "దించవేంది?" అని గొణిగాడు.

"నువ్వు చచ్చి పడుండు" అని పళ్ల సందునుంచి చెప్పి, భూషణం ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి పద్యం మళ్లీ పాడాడు. ఆ నిలకడకు జనం లేచి నిలబడ్డారు. ఇంకో వన్స్ మోర్. ఆయన కళ్లవెంట నీళ్లు కారుతుంటే, అవి ద్రౌపది కోసమని న్యాయనిర్ణేతలు అనుకున్నారు.

తెర పడగానే దంపతులు పరుగెత్తారు. "ముందు బుడ్డోడికి" అని మూలిగాడు భూషణం. నాకు కాల్లో ఒకటి, భుజంలో ఒకటి. తర్వాత ఆయనకు ఆవిడ కాల్లో, ఈయన భుజంలో, ఒకేసారి. చెయ్యి గదతో సహా దిగివచ్చి, అప్పుడే లేస్తున్న సాంబిరెడ్డి నెత్తిమీద పడింది. అట్టది కాబట్టి దుశ్శాసనుడు రెండోసారి చావలేదు.

ఉత్తమ నటుడి బహుమతి భూషణానికే వచ్చింది. చెయ్యి లేపిన ఘనతకు ఇద్దరు హక్కుదారులు తేలారు. దిగకుండా చేసిన ఘనతకు ఒక్కరూ రాలేదు. చివరికి దంపతులు చెరొక కొత్త బొమ్మ కొనుక్కుని, నన్ను పాతసామాన్ల బండిలో వెయ్యబోయారు. భూషణం అడ్డంపడ్డాడు.

"నోరు మూసుకుని వైద్యం చేసింది వీడొక్కడే. నాకిచ్చెయ్యండి."

ఇప్పుడు నా కాపురం ఆయన మేకప్ పెట్టెలో, భీముడి కిరీటం పక్కన. భుజం పట్టేసినప్పుడల్లా నన్ను చంకనపెట్టుకుని క్లినిక్‌కు వెళ్తాడు. మొదటి సూది ఇప్పటికీ నాకే. నేను నవ్వుతాను, నన్ను చూసి భీముడు ధైర్యంగా కళ్లు మూసుకుంటాడు. నవ్వుముఖం ఎందుకు పెట్టారో ఇన్నాళ్లకు నాకు తెలిసింది.