బూడిద మాత్రం ఎవరిదీ కాదు

నేను ఒక బొగ్గు కరెంటు ఫ్యాక్టరీని. ఈమధ్యే రిటైరయ్యాను. శాలువా, పూలదండ లాంటివేమీ లేవు. గేటుకి తాళం వేశారు, అంతే.

పుట్టినప్పుడు సర్కారు బిడ్డను. రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్దలంతా నన్ను తమదేనని చెప్పుకున్నారు. తర్వాత ఒక కంపెనీ కొనుక్కుంది. దాన్నుంచి ఇంకో కంపెనీ. అప్పు తీర్చలేక అదీ నన్ను బ్యాంకుకి వదిలేసింది. ప్రతి ఓనరూ రాగానే శ్రద్ధగా బోర్డుకి కొత్త రంగు వేయించాడు. నా బూడిదను మాత్రం ఎవరూ కొనలేదు. అది గేటు బయట కాలనీ ఆడవాళ్ళకి ఉచితం: వడియాల మీద, ఆరేసిన చీరల మీద, బావుల్లో. అడగబోతే పాత ఓనరు కొత్తాయన్ని, కొత్తాయన పాతాయన్ని చూపించేవారు.

చివరికి తోడికోడళ్ళు వేరుపడి గిన్నెలు పంచుకున్నట్టు నన్ను పంచుకున్నారు. నేల ఒకరికి, ఇనుము ఇంకొకరికి. ఏటి నీళ్ళు తోడే నా మోటారు ఒక్కటే ఇంకా తిరుగుతోంది. బావులు చెడిపోయిన కాలనీకి తాగేనీళ్ళు దానివే. పాపం, అదీ ఇనుమే కదా!

దసరా ముందురోజు తుక్కు మేస్త్రీ నూకరాజు గ్యాస్ కట్టర్లతో దిగాడు. కాలనీలో ఇడ్లీలమ్మే మాణిక్యమ్మ అడ్డం వెళ్ళింది.

"మోటారు కోసేస్తే మేం ఏం తాగాలి నాయనా, నీ గ్యాసా?"

"నన్నంటే ఏం లాభం పిన్నీ? ఇనుమన్నదల్లా కొయ్యమన్నారు."

"సరేలే. రేపు ఆయుధపూజ. పండగపూట కొయ్యకు."

ఒప్పుకున్నాడు. మర్నాడు ఆడవాళ్ళు మోటారుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, ముందు కలశం నిలిపి పూజ చేశారు. నూకరాజు హారతి కళ్ళకద్దుకుని రెండు దోసిళ్ళ పులిహోర తిన్నాడు. అక్కడే దొరికిపోయాడు. పండగ వెళ్ళాక కట్టరు పట్టుకొస్తే కలశం అలాగే ఉంది.

"ఉద్వాసన చెప్పలేదా పిన్నీ? దేవుణ్ణి పంపించకుండా చెయ్యి వేస్తే నా పిల్లలకి మంచిదా?"

"అదే నా భయమూను. మాదేమన్నానా ఈ మోటారు, మేం చెప్పడానికి? ఓనర్ని తీసుకురా. స్నానం చేసి రమ్మను."

అప్పట్నుంచీ నూకరాజు ఎండలో నిలబడి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. నేల కొన్నవాళ్ళు ఇనుము కొన్నవాళ్ళ నంబరు ఇచ్చారు. వాళ్ళు బ్యాంకు నంబరిచ్చారు. బ్యాంకు వాళ్ళు కాసేపు ఆగమని పాట పెట్టారు.

మాణిక్యమ్మ కలశానికో పువ్వు పెట్టి, స్విచ్చి వేసి, బిందె కిందపెట్టింది.